పొలం బేరం పెట్టకముందు ఒక్క వానాకాలం ఆగరా చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి నువ్వు ఉద్యోగం మానేశావనీ, ప్లాస్టిక్ ఫిల్ము మీద సోలార్ సెల్లులు ప్రింట్ చేసే కంపెనీ పెడుతున్నావనీ చెప్పాడు. వాడి గొంతులో గర్వం తెలుస్తూనే ఉంది. మాటల మధ్యలో తెనాలి దగ్గర రెండెకరాలు అమ్మకానికి పెడుతున్నానని కూడా అన్నాడు, ఇక అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. 2000లో హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావా అనే శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చినప్పుడు కరెంటు పారే ప్లాస్టిక్ గురించి నీకు చెప్తే, "అయితే బకెట్ ముట్టుకుంటే షాక్ కొడుతుందా అత్తా?" అని భయంగా అడిగావు. ఆరేళ్ళ పిల్లాడివి. ఇప్పుడు నువ్వే ఆ పనిలోకి వస్తున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

రిజిస్ట్రేషన్, జీఎస్టీ అవన్నీ ఆడిటర్ చూసుకుంటాడు. పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాకే ఎవరికైనా శాంపిల్ చూపించు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

2006లో ఇలాంటి సెల్లులే చేద్దామని మేం ముగ్గురం చర్లపల్లిలో ఒక షెడ్డు అద్దెకి తీసుకున్నాం. ఎండని పట్టే ప్లాస్టిక్, పీత్రీహెచ్‌టీ అనే పాలిమర్‌ని క్లోరోబెంజీన్ అనే ద్రావకంలో కరిగిస్తే నారింజ రంగులో ఉండేది, గాజు మీద పొరగా పోసి ఆరనిస్తే కళ్ళ ముందే వంకాయ రంగుకి తిరిగేది. ఎన్నిసార్లు చేసినా ఆ రంగు మారే క్షణానికి పని ఆపి చూస్తూ ఉండిపోయేదాన్ని. అంతా గాలీ తేమా తగలకుండా నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్సు లోపలే. జనవరిలో గార్డెన్ లైట్లు అమ్మే ఒకాయన వస్తే, పోస్టు స్టాంపంత సెల్లులు నాలుగు బయటికి తీసి ఎండలో పెట్టాం, బుల్లి ఫ్యాను గిర్రున తిరిగింది. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, ఎన్నాళ్ళు పని చేస్తుందమ్మా అని. రెండేళ్ళు అన్నాను. చిన్నా, అప్పటికి మేం ఒక్క సెల్లునైనా రెండు వారాలు ఆరుబయట ఉంచి చూడలేదు. ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన అడ్వాన్స్ ఇచ్చాడు, నేను అమ్మ కాసుల పేరు తాకట్టు పెట్టి కోటింగ్ మిషన్ కొన్నాను.

జూలైలో ప్లాస్టిక్ మీద చేసిన మొదటి సెల్లులు డాబా మీద పెట్టాం. నాలుగో రోజు భూతద్దం పెట్టి చూస్తే అంచుల్లో పైనున్న అల్యూమినియం పొర పొక్కుల్లా లేచి ఉంది. పదో రోజుకి కరెంటు సగం. అడుగున పూసే పెడాట్ (అదీ కరెంటు పారే ప్లాస్టిక్కే) పొర ఉప్పులాగా తేమ పీల్చుకుంటుంది, నీళ్ళ సీసాలు చేసే మామూలు పెట్ ప్లాస్టిక్ ఫిల్మేమో చదరపు మీటరుకి రోజుకి గ్రాముల లెక్కన తేమని లోపలికి వదిలేస్తుంది. ఫోన్ తెరల్లో వాడే ఓఎల్ఈడీ బతకాలంటే అది గ్రాములో పది లక్షలో వంతుకి తగ్గాలి, మన సెల్లులకి అంత కాకపోయినా వెయ్యో వంతుకైనా దిగాలి. అలాంటి ఫిల్ము బయట దేశం నుంచి తెప్పించాలంటే లోపలున్న సరుకంతా కలిపినా దాని ధరకి సరిపోలేదు. పాలిమర్ చవకని లెక్క వేసుకున్నాం గానీ దానికి పట్టే గొడుగు ఖరీదు వెయ్యలేదు. అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాం, కాసుల పేరు వేలానికి పోయింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మీ అక్క పెళ్ళిలో మెళ్ళో ఒంటి గొలుసుతో తిరుగుతూ అందరికీ నవ్వుతూ వడ్డించింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

అందుకే పొలం జోలికి పోవద్దంటున్నాను. ఇప్పుడు ల్యాబుల్లో ఎండని కరెంటుగా మార్చడం 19 శాతం దాటిందంటావు, తెలుసు, కానీ అది గోరంత సెల్లు మీద. కోణార్క గుడి పేరు పెట్టుకున్న అమెరికా కంపెనీ కోనార్కాకి వ్యవస్థాపకుల్లో హీగరే ఒకడు, 170 మిలియన్ డాలర్లకి పైగా పెట్టుబడి వచ్చింది, అయినా 2012లో దివాలా తీసింది. కేంబ్రిడ్జి వాళ్ళ ప్లాస్టిక్ లాజిక్ 2010 జనవరిలో ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లతో ఈ-పుస్తకాలు చదివే రీడర్ చూపించింది, అదే నెలలో ఐప్యాడ్ ప్రకటన వచ్చింది, ఆగస్టుకల్లా రీడర్‌ని మానుకున్నారు. మరి నిలదొక్కుకున్నదేదో చూడు: అదే పెడాట్. ఫోటో ఫిల్ముల మీద స్టాటిక్ పట్టకుండా పూసే పూతగా, కెపాసిటర్ల లోపల. దాని పేరు కూడా కొనేవాడికి తెలియదు, అమ్ముడుపోతూనే ఉంది.

కాబట్టి ఇంటి కప్పు మీద పెట్టే మామూలు సిలికాన్ ప్యానెళ్ళతో పోటీకి దిగకు. ట్యూబ్‌లైటు వెలుగుతో, నాలుగు గోడల మధ్య నడిచే చిన్న సెన్సర్లు, షాపుల్లో ధరల లేబుళ్ళు, అలాంటివి చూడు. అక్కడ ఎండా వానా తగలవు, పదేళ్ళ గ్యారంటీ ఎవరూ అడగరు.

ఇంకోటి, మిషన్ కంటే ముందు ఎగ్జాస్ట్ పెట్టించు. క్లోరోబెంజీన్ వాసనకి రోజూ సాయంత్రం తల పగిలిపోయేది నాకు, నువ్వసలే చిన్నప్పటి నుంచి ఆయాసం పిల్లాడివి. మాస్కు వేసుకున్నానని ఫోన్లో చెప్తే నమ్మను, వచ్చి చూస్తాను.

నువ్వు చేసిన ఫిల్ముల్లో ఓ పది పట్టుకుని శ్రావణంలో ఇక్కడికి రా. మా డాబా మీద వానలోనే వదిలేద్దాం, రోజూ పొద్దున్నే మీటరు పెట్టి నోట్‌బుక్కులో రాసే పని నాది. పొలం సంగతి ఆ నోట్‌బుక్కు చూశాకే మాట్లాడతానని అన్నయ్యకి చెప్పేశాను.

మీ అత్త