‘ట్యాప్స్’ చూసి సైన్యంలోకి వెళ్తానంటున్న అబ్బాయి: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. స్కూల్లో ఎన్‌సీసీలో ఉన్నాడు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశ పరీక్ష రాస్తానని చిన్నప్పటి నుంచీ అంటుంటాడు, మేమూ కాదనలేదు. ఈ వేసవిలో వాళ్ల మేనమామ ఇంట్లో ‘ట్యాప్స్’ అనే పాత ఇంగ్లిష్ సినిమా చూశాడు. మిలిటరీ స్కూలును మూసేస్తున్నారని పిల్లలు తుపాకులు పట్టుకుని తిరగబడే కథ. ఇప్పటికి నాలుగుసార్లు చూశాడు. మొన్న భోజనం చేస్తూ, ‘వాళ్లు తిరగబడటం తప్పు కాదు నాన్నా, చివర్లో లొంగిపోదామనుకోవడమే తప్పు’ అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలా ఆలోచించే పిల్లవాడిని సైన్యంలోకి పంపవచ్చా? పదో తరగతి కాగానే హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంచి కోచింగ్ ఇప్పించమంటున్నాడు. మాది చిన్న కిరాణా దుకాణం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: మీ ఉత్తరం అందిన వారమే ఆ సినిమాను మళ్లీ చూశాను. ఎప్పుడో కాలేజీ రోజుల్లో చూసింది. ఆ జ్ఞాపకాన్ని నమ్ముకుని మీకు సలహా చెప్పడం న్యాయం కాదనిపించింది. మళ్లీ చూడటం మంచిదయింది. అప్పుడు నేనూ మీ అబ్బాయిలాగే తిరగబడిన కుర్రాళ్ల పక్షాన ఉన్నాను. ఈసారి నా కళ్లు వాళ్ల వెనక వరుసలో నిలబడిన చిన్న పిల్లల మీదే ఉన్నాయి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. తమ ఎత్తుకు సరిపోని తుపాకులు పట్టుకుని, పెద్దవాళ్లు ఎటు చూడమంటే అటు చూస్తూ ఉంటారు.

కథ మీకు పూర్తిగా తెలియకపోవచ్చు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో 1981లో వచ్చిన సినిమా ఇది. బంకర్ హిల్ అనే కల్పిత మిలిటరీ పాఠశాల. దాన్ని మూసేసి, స్థలాన్ని ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మేయాలని యాజమాన్యం నిర్ణయిస్తుంది. దానికి అధిపతి జనరల్ బేచ్. గౌరవమే సైనికుడికి సర్వస్వమని పిల్లలకు నూరిపోసిన వృద్ధుడు. కేడెట్ల నాయకుడు బ్రయన్ మోర్లాండ్‌కు ఆయన దేవుడితో సమానం. ఒక గొడవలో జనరల్ అరెస్టవుతాడు, గుండెపోటుతో ఆసుపత్రి పాలవుతాడు. మోర్లాండ్ ఆయుధాగారాన్ని స్వాధీనం చేసుకుని గేట్లు మూయిస్తాడు. బయట నేషనల్ గార్డ్ బలగాలు మోహరిస్తాయి. లోపల కరెంటు పోతుంది, జనరల్ చనిపోయాడన్న వార్త వస్తుంది, చాలామంది పిల్లలు వెళ్లిపోతారు. చివరికి ప్రాణాలు పోతాయి. అందులో మోర్లాండ్ ప్రాణం కూడా ఒకటి.

‘ట్యాప్స్’ అన్నది అమెరికా సైన్యంలో రాత్రి దీపాలార్పే వేళ, సైనికుల అంత్యక్రియల్లోనూ వాయించే బ్యూగిల్ పాట పేరు. మన సైన్యంలో అమరులకు వందనంగా వినిపించే ‘లాస్ట్ పోస్ట్’ లాంటిది. అంటే కథ ఎక్కడికి చేరబోతోందో పేరులోనే చెప్పేశారు. ఈ సంగతి మీ అబ్బాయికి తెలుసో లేదో ఒకసారి అడగండి.

ఇక అసలు ప్రశ్న. ఇలా ఆలోచించే పిల్లవాడు సైన్యానికి పనికివస్తాడా? వస్తాడు. పదిహేనేళ్ల వయసులో, తాను ప్రేమించేదాన్ని ఎవరో అమ్మేస్తుంటే రక్తం ఉడకకపోతేనే నేను కంగారు పడేవాణ్ని. మీ అబ్బాయిలో ఉన్నది అభిమానం, పట్టుదల. రెండూ కావలసినవే. లేనిది ఇంకొకటి ఉంది. అది ఈ వయసులో ఎవరికీ పూర్తిగా ఉండదు. ఎక్కడ ఆగాలో తెలియడం. సైన్యం ఆఫీసర్లను ఎంపిక చేసేటప్పుడు వెతికే వాటిలో అది ముఖ్యమైనది.

ఎన్‌డీఏ రాత పరీక్ష పాసైనవాళ్లను సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు పిలుస్తారు. అయిదు రోజులు అక్కడే ఉంచి పరీక్షిస్తారు. వాళ్ల దగ్గర పదిహేను లక్షణాల జాబితా ఉంటుంది. ధైర్యం, చొరవ, ఆత్మవిశ్వాసం, పట్టుదల, నలుగురినీ కూడగట్టే నేర్పు, అనుకున్నది స్పష్టంగా చెప్పగలగడం లాంటివి. మోర్లాండ్‌ను ఆ జాబితా పక్కన నిలబెట్టి చూడండి. చాలావాటిలో మంచి మార్కులే వస్తాయి. వందమంది పిల్లలు అతని మాట మీద నిలబడ్డారంటే మామూలు విషయం కాదు. కానీ అదే జాబితాలో తర్కం ఉంది, సహకారం ఉంది, బాధ్యత ఉంది. అక్కడ అతను నిలబడలేడు. జనరల్ చనిపోయాక ఆ పోరాటం ఎవరికోసమో అతనే చెప్పలేడు. అయినా కొనసాగిస్తాడు. తెగేదాకా లాగకూడదని మన పెద్దలు అంటారే, సరిగ్గా అదే జరిగింది.

ఆ బోర్డుకు రెండోసారి వెళ్లివచ్చిన ఒక కుర్రాడు నాకు చెప్పిన మాట మీకు చెప్పాలి. మొదటిసారి, మైదానంలో బల్లలు, తాళ్లు, డ్రమ్ములతో అడ్డంకులు దాటే పనిలో అతను తన పథకాన్నే పట్టుకు వేలాడాడు. బల్ల చాలడం లేదని పక్కవాడు రెండుసార్లు చెప్పినా వినలేదు. సమయం అయిపోయింది. రెండోసారి అదే పరిస్థితి వచ్చినప్పుడు చేతిలోని బల్లను కింద పెట్టి, ‘నువ్వు చెప్పినట్టు చేద్దాం, ముందు నువ్వు వెళ్లు’ అన్నాడట. ఈసారి ఎంపికయ్యాడు. ఒక్క ఆ మాటకే సీటు వచ్చిందని నేను అనను. కానీ ఆ మాట అనగలిగిన కుర్రాడిగా అతను తయారయ్యాడు.

సినిమాలో అలాంటి మాట అనగలిగినవాడు ఒకడున్నాడు. అలెక్స్ డ్వయర్, మోర్లాండ్ స్నేహితుడు. షాన్ పెన్‌కు అది మొదటి సినిమా. డ్వయర్ మొదటి నుంచీ సందేహిస్తాడు, వాదిస్తాడు, అయినా స్నేహితుణ్ని వదిలిపోడు. చివర్లో మోర్లాండ్‌ను చేతుల మీద మోసుకుంటూ బయటికి వచ్చేది అతనే. మీ అబ్బాయి గదిలో ఎవరి బొమ్మ ఉందో మీరు రాయలేదు కానీ, ఎర్ర టోపీ పెట్టుకున్న డేవిడ్ షాన్‌దే అయి ఉంటుందని నా ఊహ. ఆ పాత్ర వేసింది టామ్ క్రూజ్. కుర్రాళ్లందరికీ అతనే నచ్చుతాడు. అందరూ లొంగిపోవడానికి సిద్ధమైన క్షణంలో మెషీన్ గన్ పేల్చి, తానూ పోయి, ఆపడానికి పరుగెత్తుకొచ్చిన మోర్లాండ్ చావుకూ కారణమైనవాడు అతనే. సైన్యంలో అలాంటివాడి పక్కన నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు. నిజంగా శత్రువు తుపాకి ఎక్కుపెట్టినప్పుడు మరీ ఇష్టపడరు.

ఇంకొక సన్నివేశం గురించి చెప్పి సినిమాను పక్కన పెడతాను. అన్నింటికీ మొదలు అదే కనుక. పాఠశాలలో వేడుక జరుగుతున్న రాత్రి, గేటు బయట ఊరి కుర్రాళ్లు కేడెట్లను ఎగతాళి చేస్తారు. తోపులాట మొదలవుతుంది. జనరల్ అడ్డుపడతాడు. ఆయన నడుముకున్న పిస్తోలు కోసం పెనుగులాట జరిగి అది పేలుతుంది, ఒక కుర్రాడు చనిపోతాడు. ఖాళీగా ఉందనుకున్న పిస్తోలులో ఒక తూటా మిగిలి ఉంది. మీ అబ్బాయి ఎన్‌సీసీలో ఉన్నాడు కదా. రైఫిల్ చేతికిచ్చే ముందు వాళ్ల ఉస్తాద్ మొట్టమొదట నేర్పేది ఏమిటో అడగండి. ఆయుధం తీసుకున్నా, ఇచ్చినా, కింద పెట్టినా ఖాళీగా ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. ఖాళీయే అనుకోవడం కుదరదు. జీవితమంతా గౌరవం గురించి ఉపన్యాసాలిచ్చిన జనరల్ ఆ మొదటి పాఠం దగ్గరే తప్పాడు. ఆ ఒక్క తప్పుకు గేటు అవతలి కుర్రాడు పోయాడు, తర్వాత గేటు ఇవతలివాళ్లు పోయారు. మీ అబ్బాయికి ఎన్‌సీసీ తెలుసు కాబట్టి ఈ మాట నాకంటే బాగా అర్థమవుతుంది.

మీ భయంలో ఇంకో సగం, మిలిటరీ చదువులు పిల్లల్ని ఇలా తయారుచేస్తాయేమోనన్నది. అమెరికాలో బంకర్ హిల్ లాంటివి చాలావరకు ఫీజు కట్టి చదివే ప్రైవేటు పాఠశాలలు. అక్కడ చదివిన పిల్లలు సైన్యంలో చేరాలన్న నిబంధనేమీ లేదు. వియత్నాం యుద్ధం తర్వాత అక్కడ సైన్యం మీద జనానికి మొహం మొత్తింది, 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది, ఇలాంటి పాఠశాలలకు పిల్లలు తగ్గారు. ఆ నేపథ్యంలో పుట్టిన కథ ఇది. పెన్సిల్వేనియాలో ఈ సినిమా తీసిన వ్యాలీ ఫోర్జ్ మిలిటరీ అకాడమీని కూడా మూసివేస్తున్నట్లు 2025లో దాని యాజమాన్యం ప్రకటించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. అక్కడ ఎవరూ గేట్లు మూయలేదు, తుపాకులు పట్టలేదు.

మన దగ్గర పరిస్థితి వేరు. మీకు దగ్గరలో విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఉంది, రాయలసీమలో కలికిరిలో మరొకటి ఉంది. వాటిలో ఆరు, తొమ్మిది తరగతుల్లోనే ప్రవేశం కాబట్టి మీ అబ్బాయికి ఆ సమయం దాటిపోయింది. దాని గురించి బాధపడనక్కర్లేదు. మామూలు ఇంటర్మీడియట్ చదివి ఎన్‌డీఏకు వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో చెట్‌వుడ్ అనే సేనాని 1932లో చెప్పిన మాటల్ని ఇప్పటికీ ప్రతి కేడెట్‌కూ నేర్పుతారు. దేశ భద్రత, గౌరవం, సంక్షేమం ఎప్పుడూ మొదట. నువ్వు నడిపించే సైనికుల గౌరవం, సంక్షేమం, సౌకర్యం ఆ తర్వాత. నీ సుఖం, నీ భద్రత అన్నిటికన్నా చివర. మోర్లాండ్ తన ప్రాణాన్ని చివర పెట్టాడు, అది నిజం. కానీ తన వెనక నిలబడిన పిల్లల ప్రాణాలనూ దానితోపాటే చివరికి నెట్టేశాడు. చార్లీ అనే చిన్న పిల్లవాడు తుపాకుల మధ్య బెదిరిపోయి పరుగెత్తి, ఆ గందరగోళంలో పేలిన తూటాలకు పోయాడు. లొంగిపోదామని మోర్లాండ్ నిర్ణయించుకున్నది ఆ తర్వాతే. ఆ నిర్ణయం తప్పని మీ అబ్బాయి అంటున్నాడు. నేను అనేది, అది ఆలస్యమైందని.

ఇప్పుడు చదువు సంగతి. పదో తరగతి అవగానే హైదరాబాద్ హాస్టల్ అవసరం లేదు. దుకాణం మీద అప్పు చేసి ఆ పని అసలే చేయకండి. మీ ఊళ్లోనో, విశాఖలోనో ఎంపీసీలో చేర్పించండి. ఆర్మీకి ఏ గ్రూపైనా సరిపోతుంది కానీ నేవీకి, వైమానిక దళానికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు ఉండాలి. ఎంపీసీ అయితే మూడు దారులూ తెరిచి ఉంటాయి. యూపీఎస్సీ ఈ పరీక్షను ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. ఇంటర్వ్యూకు మళ్లీ 900, అంటే రాత పరీక్షతో సమానం. తప్పు జవాబుకు మార్కులు పోతాయి. ఇంటర్ లెక్కలు శ్రద్ధగా చేసినవాడికి ఆ 300 మార్కుల్లో చాలావరకు కొత్తేమీ ఉండదు. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది, తెలుగులో రాదు. మన పిల్లలు తడబడేది అక్కడే. కాబట్టి రోజూ ఒక ఇంగ్లిష్ పత్రిక చదవడం, చదివినదాని గురించి పది నిమిషాలు బిగ్గరగా మాట్లాడటం ఇప్పుడే మొదలుపెట్టించండి. దుకాణంలో మీ పక్కన కూర్చుని చదవవచ్చు.

కోర్సు మొదలయ్యేనాటికి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. అంటే రెండు మూడు అవకాశాలు వస్తాయి. ఒక్కో విడతలో దాదాపు 400 సీట్లే ఉంటాయి, రాసేవాళ్లు లక్షల్లో ఉంటారు. అందుకే దీని ఒక్కదాని మీదే ఆశలన్నీ పెట్టించకండి. ఎంపీసీలో మంచి మార్కులు, జేఈఈ మెయిన్ స్కోరు ఉంటే ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ ఉంది. డిగ్రీ తర్వాత ఆఫీసరుగా చేరడానికి రాసే సీడీఎస్ పరీక్ష ఉంది, వైమానిక దళానికి ఏఎఫ్‌క్యాట్ అనే పరీక్ష ఉంది. ఎన్‌సీసీని డిగ్రీలోనూ కొనసాగించి ‘సి’ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడుతో తెచ్చుకుంటే రాత పరీక్ష లేకుండానే ఆర్మీ ఇంటర్వ్యూకు వెళ్లే దారి ఉంది. స్కూల్లో మొదలైన ఆ అలవాటును మధ్యలో వదలనివ్వకండి.

ఒక పని మాత్రం ఈ నెలలోనే చేయించండి. కంటి డాక్టరుకు చూపించి రంగులు సరిగ్గా గుర్తుపడుతున్నాడో లేదో పరీక్ష చేయించండి. పాదాలు చదునుగా ఉన్నాయా, నిటారుగా నిలబడితే మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా అన్నది కూడా చూపించండి. రెండేళ్లు చదివి, ఇంటర్వ్యూ గెలిచి, వైద్య పరీక్షలో ఆగిపోయిన పిల్లల కన్నీళ్లు నేను చూశాను. ముందే తెలిస్తే సరిదిద్దుకోగలిగేవి కొన్ని ఉంటాయి.

మోర్లాండ్ తండ్రి కూడా సైనికుడే, సార్జెంటు. ముట్టడి జరుగుతుండగా కొడుకును బయటికి తీసుకెళ్లాలని వస్తాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు కానీ ఒకరి మాట ఒకరికి అందదు. వచ్చినవాడు ఒక్కడే వెనక్కి వెళ్లిపోతాడు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది, మీ అబ్బాయి ఆ మాట భోజనం చేస్తూ మీతోనే అనడం. స్నేహితులతో అని ఊరుకోలేదు. మీరు తిట్టకుండా విన్నారు కూడా. ఆ తలుపు అలాగే తెరిచి ఉంచండి. సినిమా చూడవద్దని అనకండి. ఈసారి మీరు పక్కన కూర్చోండి. చార్లీ పడిపోయిన చోట ఆపి, ఒక్కటే అడగండి. ‘నువ్వు మోర్లాండ్ అయితే, ఈ పిల్లవాణ్ని ఇంటికి పంపడానికి ఏ రోజు గేటు తెరిచేవాడివి?’ జవాబు వెంటనే రాకపోవచ్చు. మీరు అందించకండి, ఎంతసేపైనా ఆగండి.

బాబూ, ఈ జవాబు నువ్వూ చదువుతావని తెలుసు. నువ్వు అనుకున్న రోజు ఏదో, ఎందుకో ఒక పేజీలో రాసి నాకు పంపు. ఇంగ్లిష్‌లో రాయి, తప్పులున్నా ఫరవాలేదు.