డీటీపీ షాపు అల్లుడికి: పాత ఎక్స్‌పీని కొత్త పీసీలో నడిపే తీరు

అల్లుడా,

గడియారం సెంటర్ దగ్గరి నీ షాపులో పెళ్లికార్డులు, కరపత్రాలు ఇంకా ఆ పాత విండోస్ ఎక్స్‌పీ పీసీ మీదనే కొడుతున్నవని, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, పాత తెలుగు అను ఫాంట్లు కొత్త విండోస్‌లో సతాయిస్తున్నయని రాసినవు. ఆ పీసీ ఆగేది మూఢంలో కాదు, లగ్గాలు జోరు మీదున్నప్పుడే. అది ఆగకముందే దాని పనిని వర్చువల్ మెషిన్‌లోకి మార్చుకో. కొత్త పీసీలో విండోస్ 11 నడుస్తుండగనే, ఒక విండోలో ఎక్స్‌పీ తనకు సొంత హార్డ్‌డిస్కు, సొంత మెమరీ ఉన్నట్టే నడుస్తది. దానికి వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, పైసలు పెట్టి కొనేది లేదు.

ముందుగ ప్రాసెసర్ సంగతి తెలుసుకో, లేకపోతే తర్వాత వచ్చే ఎర్రర్లు ఒక్కటి కూడా అర్థం కావు. పాత ఇంటెల్ తరహా ప్రాసెసర్లకు ఒక లోపం ఉండె. లోపల నడిచే రెండో ఆపరేటింగ్ సిస్టమ్ హద్దు దాటబోతే పైన ఉన్నదానికి కబురు అందాలె కదా. 17 ఇన్‌స్ట్రక్షన్లు ఆ కబురు ఇయ్యకుండ చప్పుడు లేకుండ తప్పు ఫలితం ఇచ్చేవి. 1999లో వచ్చిన వీఎంవేర్ వర్క్‌స్టేషన్ అనే ఇట్లాంటి సాఫ్ట్‌వేరే అట్లాంటి కోడ్‌ను నడుస్తుండగనే తిరగరాసుకుంటూ నెట్టుకొచ్చింది. ఆ లోపాన్ని ప్రాసెసర్‌లోనే సరిచేసే వర్చువలైజేషన్ సదుపాయాన్ని 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్ పేరుతో తెచ్చింది, 2006లో ఏఎండీ తన ఏఎండీ-వీ తెచ్చింది. ఇది కౌలు వ్యవహారం లెక్కనే. దున్నుడు, నాటుడు కౌలుదారే చేసుకుంటడు, హద్దురాయి జరపాలంటే మాత్రం పట్టాదారు రావాలె. ఆ కాపలా ఇప్పుడు ప్రాసెసరే కాస్తది, అందుకే లోపలి సిస్టమ్ దాదాపు అసలు మెషిన్ వేగంతోనే నడుస్తది. వర్చువల్‌బాక్స్ 6.1 నుంచి ఈ సదుపాయం లేకపోతే అసలే నడవదు.

పీసీ కొత్తదే కొననక్కర లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లు దొరుకుతయి. కానీ ఇంటెల్ 8వ తరానికి తక్కువ తీసుకోకు. వర్చువలైజేషన్ పాత ఐ3, ఐ5లలో కూడ ఉంటది గని, విండోస్ 11 అధికారికంగ ఆడేది 8వ తరం నుంచే. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోనే సపోర్టు అయిపోయింది. ఒక ముసలి సిస్టమ్‌ను కాపాడుకోబోయి ఇంకో ముసలిదాని మీద కూర్చోబెడితే ఏం లాభం? ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 256 జీబీ ఉంటే నీ పనికి సరిపోతది.

డబ్బులు ఇచ్చేముందు షాపులోనే మెషిన్ ఆన్ చేయించి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్న ముందే తెరుచుకునే సెట్టింగుల తెరలోకి, పోయి చూడు. ఆఫీసు మెషిన్లకు బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటది, చాలాసార్లు అమ్మేవాళ్లకే తెల్వదు. పాస్‌వర్డ్ అడిగితే ఆ పీసీ వదిలెయ్. వర్చువలైజేషన్ ఆఫ్ ఉండి బయోస్ తెరుచుకోకపోతే ఎంత మంచి ప్రాసెసర్ ఉన్నా నీకు అక్కరకు రాదు.

ఇంటికి తెచ్చినంక టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కు. కింద వర్చువలైజేషన్ అని ఉంటది. ఎనేబుల్డ్ అంటే పని అయినట్టే. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లోకి పోవాలె. విండోస్ 11లో మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు, మళ్లా ఆన్ చేస్తే కీ నొక్కేంత సమయం కూడ ఇయ్యదు. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టు. తర్వాత ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని పో. కీతోనే పోవాలంటే డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, అసెంబుల్డ్ పీసీకి ఎక్కువగ డిలీట్. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ ఉంటే బయోస్ ముట్టకముందే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకో, ఎందుకంటే ఫర్మ్‌వేర్ మారినంక అది కీ అడగొచ్చు.

ఇంటెల్ మెషిన్‌లో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనేదాన్ని ఎనేబుల్ చెయ్యి. ఏఎండీ అయితే పేరు ఎస్‌వీఎం మోడ్, సీపీయూ సెట్టింగుల లోపల దాగి ఉంటది. పక్కన కనిపించే వీటీ-డీ వేరే సంగతి, గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాలను నేరుగ లోపలికి అప్పజెప్పేటందుకు. నీకు పనిలేదు. సేవ్ చేసి, ఒకసారి పూర్తిగ పవర్ తీసి ఆన్ చెయ్యి.

ఇక్కడ చాలామందిని గజిబిజి చేసే సంగతి ఒకటి ఉన్నది. నిన్న మంచిగ నడిచిన వర్చువల్ మెషిన్ పొద్దున “వీటీ-ఎక్స్ ఈజ్ డిజేబుల్డ్ ఇన్ ద బయోస్” అని మొండికేస్తది. అప్పుడు సాఫ్ట్‌వేర్ జోలికి పోకు, గడియారం చూడు. తేదీ కొన్నేండ్లు వెనక్కి పోయి ఉన్నదా? అయితే మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ చచ్చిపోయింది. రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ తీస్తవు కదా, బయోస్ తన సెట్టింగులు మర్చిపోయి ఫ్యాక్టరీ స్థితికి పోతది, దాంతో వర్చువలైజేషన్ కూడ ఆఫ్ అయితది. సీఆర్2032, 3 వోల్టులది తెచ్చుకో. ప్లగ్ పీకి, క్లిప్పును వేలితో పక్కకు జరిపితే పాతది తనంతట లేస్తది. ప్లస్ గుర్తు పైకి ఉండేటట్టు కొత్తది పెట్టి, బయోస్‌లో తేదీ, వర్చువలైజేషన్ రెండూ మళ్లా సరిచెయ్యి. సెకండ్‌హ్యాండ్ పీసీకి అయితే అడగకుండనే మొదటిరోజే మార్చెయ్.

ఇగ ఎక్స్‌పీ ఎక్కించుడు. పాత డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేసి తెచ్చుకుందామనే ఆలోచన పెట్టుకోకు. కొత్త హార్డ్‌వేర్ కనిపించగనే ఎక్స్‌పీ 7బీ నంబరు నీలితెరతో ఆగిపోతది. సీడీ నుంచి కొత్తగ ఎక్కించు. లైసెన్సు కూడ చూసుకో, కంపెనీ పీసీతో వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ పీసీకే కట్టుబడి ఉంటది, విడిగ కొన్నదైతేనే మార్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్‌లో రకం విండోస్ ఎక్స్‌పీ 32-బిట్ ఎంచుకో. మెమరీ 1024 ఎంబీ, సీపీయూ 1, డిస్కు 20 జీబీ. అంతకన్న ఎక్కువ ఇస్తే ఎక్స్‌పీకి వేగం పెరగదు, నీ విండోస్‌కు తరుగుతది. డిస్కు కంట్రోలర్ పాత రకం ఐడీఈ ఉండాలె, కొత్త రకం సాటా పెడితే మళ్లా అదే 7బీ, ఎందుకంటే ఎక్స్‌పీ దగ్గర ఆ డ్రైవర్ లేదు. నెట్‌వర్క్‌ను నాట్ అటాచ్డ్‌లో పెట్టు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్టు అయిపోయింది, దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించుడు అంటే తలుపు తీసిపెట్టి పండుకున్నట్టే. ఫైళ్లు ఇటు అటు చేసేందుకు ఎక్స్‌పీ లోపల వర్చువల్‌బాక్స్ వాళ్ల గెస్ట్ అడిషన్స్ వేసి, రెండు దిక్కుల కనిపించే షేర్డ్ ఫోల్డర్ ఒకటి పెట్టుకో.

మెషిన్ నడుస్తున్నప్పుడు విండో కింద కుడిమూల చూడు. ‘వీ’ గుర్తు ఉంటే ప్రాసెసర్ నేరుగ దొరికింది. ఆకుపచ్చ తాబేలు ఉంటే ఆ సదుపాయాన్ని విండోస్ ముందే తన చేతిలో పెట్టుకున్నది, వర్చువల్‌బాక్స్ దాని వెనుక నిలబడి పని చేస్తున్నది. సాధారణంగ కారణం విండోస్ సెక్యూరిటీలో, కోర్ ఐసోలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ. అది తీసేస్తే వేగం రావచ్చు గని పీసీకి ఒక రక్షణ తగ్గుతది. నా మాట ఏందంటే, ముందుగ తాబేలుతోనే పేజ్‌మేకర్ తెరిచి పది లైన్లు కొట్టు. వేలు కదిలినంక అక్షరం వెంటనే పడుతుంటే అట్లనే ఉంచు. గిరాకీల పెన్‌డ్రైవులు రోజంతా గుచ్చే పీసీ అది, రక్షణే ముఖ్యం. నిజంగనే ఆగి ఆగి నడిస్తేనే తీసి, రీస్టార్ట్ చేసి చూడు. తీసినా తాబేలు పోకపోతే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరువు, వర్చువలైజేషన్-బేస్డ్ సెక్యూరిటీ ఇంకా రన్నింగ్ అని ఉందేమో తెలుస్తది.

ప్రింటింగ్ ప్రెస్‌కు పంపే పీడీఎఫ్ దగ్గర పైలం. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టినవి. పేజ్‌మేకర్ 7తో వచ్చిన, పీడీఎఫ్ చేసే డిస్టిలర్ సెట్టింగులలో ఫాంట్లన్నీ ఎంబెడ్ చెయ్యమని, అంటే పీడీఎఫ్ లోపలనే పెట్టమని, టిక్ పెట్టకపోతే, ఎక్స్‌పీలో ముద్దుగ కనిపించిన ‘శుభలేఖ’ విండోస్ 11లో పిచ్చి గుర్తుల వరుసలెక్క కనిపిస్తది. పీడీఎఫ్‌ను ఎప్పుడైన బయటి విండోస్‌లో తెరిచి, వత్తులు, గుణింతాలు చూసినంకనే పంపు.

అన్నీ కుదిరినంక ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ ఒకటి తీయి, ఏదన్న చెడితే ఆ స్థితికి తిరిగి పోవచ్చు. ఒక్కటి చాలు. స్నాప్‌షాట్ల మీద స్నాప్‌షాట్లు పేరిస్తే డిస్కు నిండుతది, పైగ అది బ్యాకప్ కాదు, ఎస్‌ఎస్‌డీ పోతే దానితోపాటే పోతది. అసలు బ్యాకప్ అంటే ఆ మెషిన్ ఫోల్డర్‌ను మొత్తంగ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుడు. నడుస్తున్నప్పుడు కాపీ చెయ్యకు, సగం రాసిన డిస్కు వస్తది. వారానికి ఒకసారి, షాపు మూసినంక చెయ్యి, ఆ డిస్కు ఇంట్లో పెట్టు. కరెంటు పోయే ఊరు మనది కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోంగనే సేవ్ స్టేట్ కొట్టి మూసెయ్, వచ్చినంక వదిలిన లైను దగ్గరనే తెరుచుకుంటది.

నీ సాఫ్ట్‌వేర్‌లో దేనికన్న యూఎస్‌బీ డాంగిల్ (తాళంచెవి లెక్క గుచ్చే చిన్న పరికరం) ఉంటే, అది ఎక్స్‌పీకి అందేటట్టు సెట్టింగులలో యూఎస్‌బీ కింద దానికి ఫిల్టర్ పెట్టు. కంట్రోలర్ 1.1 గాని 2.0 గాని ఎంచుకో, 3.0కు ఎక్స్‌పీలో డ్రైవర్ లేదు. వర్చువల్‌బాక్స్ 7 నుంచి దీనికి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అక్కర లేదు. ఆ ప్యాక్ సొంత వాడకానికే ఉచితం, షాపుకు కాదు, కాబట్టి దించుకోకు. డాంగిల్ లోపల పట్టిందని, నీ పాత ఫైళ్లు పది తెరిచి అచ్చు సరిగ్గ వచ్చిందని చూసుకునేదాక పాత పీసీని అమ్మకు. ఒక నెల పక్కన పెట్టుకో.

అక్కకు, బావకు నా నమస్కారాలు చెప్పు.

నీ మేనమామ