అన్నం సంగతి ఎగ్గొట్టావు

అమ్మాయీ,

ఫిలిప్పీన్స్ కొండల మీద మెట్లు మెట్లుగా ఉండే వరి మడుల గురించి నువ్వు రాసిన యాత్ర వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే "స్వర్గానికి మెట్లు" మూడుచోట్ల తగిలాయి. ఆ మెట్లు నీకంటే ముందు వెళ్లినవాళ్లు ఎక్కి ఎక్కి అరగదీశారు. కొట్టెయ్.

బనావే వ్యూపాయింట్ దగ్గర ఫొటో దిగి "యునెస్కో వారసత్వ సంపద" అన్నావు చూడు, అక్కడ దొరికిపోయావు. 1995లో యునెస్కో గుర్తించింది ఇఫుగావ్ అనే ఆ కొండప్రాంతంలో ఐదుచోట్ల మడుల్ని. బటాడ్, బంగాన్, మయొయావ్, హుంగ్దువాన్, నాగకాదన్. వాళ్ల 20 పీసోల నోటు మీదకెక్కిన బనావే మడులు అందులో లేవు! "రెండు వేల ఏళ్ల నాటివి" అన్నదీ అంతే. తవ్వకాలు చేసినవాళ్లు కొందరు నాలుగు వందల ఏళ్ల లెక్క చెబుతున్నారు. రెండూ రాయి, అందమేమీ తగ్గదు.

బటాడ్ దాకా నడిచి వెళ్లి నాలుగే వాక్యాలా? నేనక్కడ గట్టు మీద జారి మోకాలిదాకా బురదలో దిగబడ్డాను. మన మాగాణి గట్టు కాదది, ఓ పక్క మడి, రెండో పక్క నిలువునా రాతి గోడ. లేచి ఒళ్లు కడుక్కుంటుంటే అప్పుడు కనబడింది నీళ్ల దారి. పై మడి నిండితే కింద మడికి. మరి పై మడికో? కొండ మీది అడవి నుంచి. ముయొంగ్ అంటారు, కుటుంబాలు తరతరాలుగా కాపాడుకునే సొంత అడవి. అది పోతే కింద మడులు ఎండుతాయి. నీ వ్యాసంలో "పచ్చదనం" పదకొండుసార్లు ఉంది, నీళ్లు ఒక్కసారీ లేవు. కాలవ కింద ఊళ్లో పుట్టినదానివి, నీటి వంతుకు జరిగే తగాదాలు నీకు నేను చెప్పాలా?

కూలిన గోడని "కాలం చేసిన గాయం" అన్నావు. కాలం కాదే తల్లీ. కుర్రాళ్లు పట్నం పోతే గోడ ఎత్తేవాళ్లు లేరు, పెద్ద పెద్ద వానపాములు గట్లు తొలిచేస్తున్నాయి. 2001 నుంచి 2012 దాకా ఈ మడులు యునెస్కో వాళ్ల "ప్రమాదంలో ఉన్న" వారసత్వ సంపద జాబితాలో ఉన్నాయి, అదీ రాయి.

ఇక ఇఫుగావ్ వాళ్ల హుద్‌హుద్ పాట. విత్తేటప్పుడు, కోతలప్పుడు, చావు ఇంట జాగారంలో పాడతారు. నువ్వు వినకపోతే వినలేదనే రాయి. ఇంటర్నెట్‌లో చూసి రాసింది ఇట్టే తెలిసిపోతుంది.

తిరగరాసి పంపు. అన్నట్టు, నువ్వు దిగిన ఇంటావిడ పెట్టిన అన్నం ఎలా ఉంది? వరి మడుల మీద ఆరు పేజీలు రాసి ఆ ముక్క ఎగ్గొట్టావు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ