రోమ్‌ఫోర్డ్ పందేలకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఆఫీసు మిత్రులతో లండన్ శివారు రోమ్‌ఫోర్డ్‌లో కుక్కల పరుగు పందేలు చూడబోతున్నానని, ఎలా కాయాలో చెప్పమని అడిగావు. ఇల్‌ఫోర్డ్‌లో కాపురం పెట్టిన నాటి నుంచి నెలకొకసారైనా అక్కడికి వెళ్తున్నవాణ్ని కనుక చెప్పగలను. అయితే నా నోటుపుస్తకం ప్రకారం ఇన్నేళ్లలో మొత్తం మీద నష్టమే తేలిందని ముందే తెలుసుకుని చదువు. ఆ నష్టం సాయంకాలపు వినోదానికి కట్టిన టికెట్టులా ఉండిపోయింది, ఇంటి అద్దె జోలికి రాలేదు. నేను నేర్పగలిగినది అంతవరకే.

మొదట బుకీ లెక్క చూడు. పందెంలో ఆరు కుక్కలుంటాయి. ఆరింటికీ ఒకటికి నాలుగు చొప్పున రేటు ఇచ్చాడనుకో. ఒక్కొక్క దానిమీద పౌండు చొప్పున ఆరు పౌండ్లు కాస్తే, ఏది గెలిచినా పెట్టుబడితో కలిపి నీ చేతికి వచ్చేది అయిదు పౌండ్లే. రేట్లు రకరకాలుగా కనిపించినా లోపల ఉండేది ఈ లెక్కే. అందువల్ల ప్రతి పందెమూ కాసేవాడు చివరికి దాదాపు తప్పక నష్టపోతాడు. మనకున్న స్వేచ్ఛ కాయకుండా ఊరుకోవడంలోనే ఉంది. పన్నెండు పందేలు జరిగితే నేను మూడింటికి మించి కాయను.

ఆ మూడింటిని ఎంచుకోవడానికి నేను చూసేది ఒక్కటే: మొదటి మలుపుకు ఎవరికీ తగలకుండా చేరే కుక్క ఏది? అక్కడ రెండు కుక్కలు ఢీకొంటే వెనకబడినది మళ్లీ పుంజుకోవడం అరుదు. దూరం తక్కువైతే ఆ మాట మరింత నిలుస్తుంది, అందుకే 400 మీటర్ల పందేలనే చూస్తాను. ఆనాటి పందేల వివరాలుండే రేసు కార్డులో ప్రతి కుక్క గత పరుగులూ, చుట్టు తిరగకముందు విజయరేఖను మొదటిసారి దాటడానికి పట్టిన సమయమూ అచ్చవుతాయి. ఒకటి 3.80 సెకన్లలోనూ పక్కది 4.00 సెకన్లలోనూ దాటుతున్నాయంటే, కుక్క పొడవుకు 0.08 సెకను అనే ఇక్కడి లెక్కన వాటి మధ్య రెండున్నర పొడవుల ఖాళీ ఉన్నట్టు.

తరువాత దారి చూడు. పేరు పక్కన డబ్ల్యూ అని ఉంటే ఆ కుక్క బయటి అంచున పరుగెత్తుతుంది, ఎం అని ఉంటే మధ్యన. ఏమీ లేకపోతే లోపలి కంచె పట్టుకునే రకం. లోపలి కంచె పక్కన బయలుదేరే, ఎర్ర చొక్కా వేసుకున్న ఒకటో నంబరు కంచె పట్టే చురుకైన కుక్కై, నీలం చొక్కా రెండో నంబరు నిదానంగా బయలుదేరేదైతే, ఎర్రదానికి దారి తెరిచి ఉన్నట్టే. నాకు ఇష్టమైన అమరిక అదే. అలాగే బయటి చివరన బయలుదేరే నల్లచారల ఆరో నంబరు అంచున పరుగెత్తేదై, అయిదో నంబరు దాని మీదికి జరిగే రకం కాకపోతే కూడా కాస్తాను. నడిమి నంబర్లను, ఎంత పేరున్నా, చాలావరకు వదిలేస్తాను. ఈ విషయంలో నాతో వాదించే మిత్రులున్నారు, వాళ్ల జేబులు నా జేబు కంటే బరువుగా ఏమీ లేవు.

బరువు గురించి ఎక్కువగా ఆలోచించకు. గత పరుగునాటి బరువుకు కిలోకు మించి తేడా వస్తే నిర్వాహకులే ఆ కుక్కను పక్కన పెడతారు. పేర్లను బట్టి, చొక్కా రంగును బట్టి, పక్కవాడి చెవిలో మాటను బట్టి కాయవద్దు. మొదటి రెండు స్థానాలను వరుసగా చెప్పే ఫోర్‌కాస్ట్ పందేలు కొత్తవాళ్లను ఊరిస్తాయి, కనీసం ఏడాది వాటి జోలికి పోకు.

డబ్బు విషయం. ఇరవై పౌండ్లు నోట్లుగా తీసుకెళ్లి, బ్యాంకు కార్డు ఇంట్లో పెట్టు. ఈ దేశంలో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కాయనివ్వరు గానీ డెబిట్ కార్డుకు ఆ అడ్డు లేదు. పందేనికి రెండు పౌండ్లు, గెలిచినా ఓడినా అంతే. ఓడినదాన్ని రాబట్టాలని రెట్టింపు కాసినవాళ్లను సంక్రాంతికి భీమవరం బరుల దగ్గర నువ్వూ చూశావు. హైదరాబాదు స్నేహితులు తమ తరఫున కాయమని డబ్బు పంపుతామంటే ఒప్పుకోకు. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలు 2017 నుంచి నిషిద్ధం.

మలుపుల్లో కుక్కలు గాయపడడం నువ్వు చూడవచ్చు. వేల్స్ ప్రభుత్వం ఈ పందేలను నిషేధిస్తామని 2025లో ప్రకటించింది. కుక్క గాయపడడం చూసి నీ మనసుకు కష్టమైతే లేచి వచ్చెయ్, మిత్రులేమనుకుంటారోనని కూర్చోకు.

రేసు కార్డు పారెయ్యకుండా ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు తీసుకురా. నువ్వు కాయకుండా వదిలేసిన తొమ్మిది పందేల ఫలితాలూ అంచుల్లో రాసి ఉంచు, ముందు వాటిని చూద్దాం.

మీ మామయ్య