చీకటి సందుకు దీపాలు: కౌన్సిల్‌ను ఏమని అడగాలి?

మీ వీధిలో దీపాల్లేక చీకటి పడితే ఆడపిల్లలు బయటికి రాలేకపోతున్నారని, పోలీసులేమో మున్సిపాలిటీకి చెప్పుకోమంటున్నారని రాశారు. కౌన్సిల్ ఏం చేయగలదని అడిగారు కదండీ, మా కాలనీలో జరిగింది చెప్తాను.

మూడేళ్ల కిందట మాదీ ఇదే అవస్థ. బస్టాండు వైపు సందులో నాలుగు స్తంభాలున్నా ఒక్క దీపం లేదు. పక్కన ముళ్లకంపలు పెరిగిన ఖాళీ జాగా, మూత లేని కాలువ. మా అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడేదాన్ని.

పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు. గస్తీ పెంచమని కౌన్సిల్ కోరగలదు గానీ ఆదేశించలేదు. వీధి దీపాలు, కాలువలు, రోడ్లు మాత్రం మున్సిపాలిటీ పనే. 74వ సవరణతో 1993 నుంచి రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో, అంటే మున్సిపాలిటీల పనుల జాబితాలో, వీధి దీపాలు కూడా ఉన్నాయి. భయం సగం తగ్గేది అక్కడే అని నా నమ్మకం.

ఆరు నెలలు నోటిమాటగా చెప్పి చూశాం. మున్సిపల్ ఆఫీసులో స్తంభాలు కరెంటోళ్లవి అన్నారు, కరెంటాఫీసులో దీపాలు మున్సిపాలిటీవి అన్నారు. రెండూ నిజమే! అసలు సంగతి లైన్‌మన్ చెప్పాడు: మా సందులో వీధి దీపాలకు విడిగా తీగ, అదే థర్డ్ వైర్, లేదు. ఇళ్ల లైను నుంచి కలిపితే దీపం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. కొత్త తీగ లాగాలంటే ఎస్టిమేటు వేయాలి, ఆ డబ్బుకు కౌన్సిల్ తీర్మానం కావాలి.

అప్పుడు స్తంభాల మీది నంబర్లు రాసుకుని, సందు పటం గీసి, నలభై మంది ఆడవాళ్లం సంతకాలు పెట్టి మా కౌన్సిలర్‌కు, కమిషనర్‌కు అర్జీ ఇచ్చాం. అర్జీ అందినట్టు ఆఫీసులో వేసే ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాం, అది మర్చిపోకండి. నెలవారీ సమావేశం ఎజెండా అప్పటికే తయారైపోవడంతో ఒక నెల పోయింది. తర్వాతి నెల తీర్మానం పాసైంది. ఆపైన రెండు నెలలకు నాలుగు దీపాలూ వెలిగాయి. ఆ రాత్రి పక్కింటి పెద్దమ్మ సందు చివరిదాకా నడిచి వచ్చింది, ఎన్నాళ్లకో.

ఖాళీ జాగా యజమానికి నోటీసు వెళ్లాక కంపలు కొట్టించాడు. కాలువ మీద పలకలు మాత్రం ఇంకా సగమే పడ్డాయి, దానికోసం తిరుగుతూనే ఉన్నాం.

ఇక సీసీ కెమెరాల సంగతికొస్తే, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి వందమంది చేరే చోట్ల యజమానులే వాటిని పెట్టించాలి. మీ సందు మొదట్లో ఫంక్షన్ హాలో, ఆసుపత్రో ఉంటే స్టేషన్‌లో ఈ మాట అడగండి.

రేపు పగలే వెళ్లి స్తంభాల నంబర్లు రాసుకోండి, తీగ ఉందో లేదో లైన్‌మన్‌ను అడగండి. మా అర్జీ నమూనా కావాలంటే ఇక్కడే పెడతాను.