మస్టర్ రోల్ అందరికీ కనబడాలా?

ప్రశ్న: ప్రభుత్వం తన దగ్గరున్న సమాచారాన్ని ఉన్నదున్నట్టు వెబ్‌సైట్లలో పెట్టడం మంచిదంటున్నారు. కానీ ఉపాధి హామీ జాబితాలో మా అమ్మ పేరు, ఆమె చేసిన పనిదినాలు, అందుకున్న కూలి ఎవరైనా చూడవచ్చునని తెలిసి కంగారు కలిగింది. ఇది సబబేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ కంగారు నాకు అర్థమైంది. అయినా ఆ మూడు వివరాలూ కనబడవలసిందేనని నా అభిప్రాయం. మండలం మొత్తానికి ఇన్ని లక్షల పనిదినాలు అని వేసిన అంకెలో దొంగ హాజరు దొరకదు. అది మస్టర్ రోల్‌లో (కూలీల హాజరు, కూలి రాసే పట్టీలో) ఒక్కొక్క వరుస చూస్తేనే దొరుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీల్లో బృందాలు ఆ కాగితాలతోనే ఇంటింటికీ వెళ్లి, ఫలానా వారం ఆరు రోజులు పనిచేసినట్టు రాశారు, నిజమేనా అని అడిగేవి. ఆ మనిషి అప్పుడు వలసపోయి ఊళ్లోనే లేడన్న సంగతి ఇంటివాళ్ల నోటే బయటపడేది. పేర్లు కొట్టేసిన జాబితాతో ఈ పని జరగదు.

అయితే ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలు చూసి పొరుగువారు పట్టుకోగల తప్పేమీ లేదు. అవి మోసగాళ్లకే పనికొస్తాయి. ఉపాధి హామీ వెబ్‌సైటు, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రెండు వెబ్‌సైట్లు సహా నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి దాదాపు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయటపడి ఉండవచ్చునని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ 2017లో అంచనా వేసింది. ఇది ఎవరో చేసిన దొంగతనం కాదు, కార్యాలయాలే అందరి ముందూ పెట్టిన సమాచారం. ఆరోగ్య వివరాల వంటి వాటి విషయంలో పేరు తీసేసినా రక్షణ ఉండదు, ఎందుకంటే రెండు వందల గడపల ఊళ్లో వయసు, కులం, వైకల్యం చెబితే మనిషిని చూపించినట్టే.

సమాచారాన్ని బహిరంగపరిచే విధానాలను కేంద్రం 2012లో, తెలంగాణ 2016లో ప్రకటించాయి. కానీ ఇంగ్లిషు శీర్షికల పట్టికను వెబ్‌సైటులో పెట్టినంత మాత్రాన కూలీకి లెక్క చెప్పినట్టు కాదు. దాన్ని ఎవరో ఒకరు గ్రామసభలో తెలుగులో చదవాలి.

ఆ జాబితాలో ఖాతా సంఖ్య పూర్తిగా కనబడితే తొలగించమని మండల పరిషత్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, పేరు తీసేయమని మాత్రం అడగకండి. ముందుగా ఆ వరుసను మీ అమ్మగారికే చదివి వినిపించండి. తాను పనికి వెళ్లని వారం అందులో ఉందో లేదో ఆమే చెప్పగలరు.