రిటైరయ్యాక విశాఖ బీచ్ రోడ్డులో సీ వ్యూ ఫ్లాట్ కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీకు 63 ఏళ్ళు, మీ ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. హైదరాబాదులో ఇల్లు అమ్మేసి, రుషికొండకూ భీమిలికీ మధ్య కడుతున్న అపార్ట్‌మెంటులో ఏడో అంతస్తున సముద్రం వైపు ఫ్లాట్ కొనాలనుకుంటున్నారు. బిల్డరు వారంలో అడ్వాన్సు ఇమ్మంటున్నాడు.

విశాఖ తప్పకుండా రండి. సముద్రానికి ఎదురుగా మొదటి వరస మాత్రం వద్దంటాను. కనీసం కిలోమీటరు లోపలికి, ఎండాడ, ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు వైపు చూడండి. సాయంత్రం ఆటోలో ఐదు పది నిమిషాల్లో ఇసుకలో ఉంటారు. ఉప్పుగాలి దెబ్బ తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ బాగా తగ్గిపోతుంది.

దానికంటే ముందు ఆసుపత్రి సంగతి. హనుమంతవాక దగ్గర విమ్స్ ప్రభుత్వాసుపత్రి, ఆ పక్కనే ఆసుపత్రులన్నీ ఒకచోట ఉన్న ఆరిలోవ హెల్త్ సిటీ, ఊళ్ళో ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్. భీమిలి నుంచి హనుమంతవాక దాదాపు 20 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రమో, కార్తీకమాసం పిక్నిక్కుల రోజునో రుషికొండ దగ్గర బండ్లు ఎలా ఆగిపోతాయో ఒకసారి చూడండి. గుండెనొప్పి వచ్చిన మనిషికి ఆ ఆలస్యం చాలా ఖరీదు. సైటుకు మళ్ళీ వెళ్ళినప్పుడు అక్కడి నుంచి ఆసుపత్రి గేటు దాకా ఆదివారం సాయంత్రం ఆరింటికి కారులో వెళ్ళి టైము చూసుకోండి. బ్రోచర్లో రాసిన నిమిషాలు నమ్మకండి.

ఇక ఉప్పు. కాంక్రీటులోకి ఉప్పు దిగి ఊచలను తాకితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు మూడింతలు చోటు తీసుకుంటుంది కాబట్టి లోపలి నుంచి కాంక్రీటును పగలదీస్తుంది, పెచ్చులు ఊడతాయి. పైన రంగు వేసినా, సిమెంటు పూసినా ఇది ఆగదు. కట్టేటప్పుడే ఆపాలి. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు గాలికి తెరిచి ఉన్న కాంక్రీటు 'సివియర్' తరగతి: కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం. సముద్రపు తుంపర పడే చోట 'వెరీ సివియర్': ఎం35, 50 మిల్లీమీటర్లు. స్ట్రక్చరల్ డ్రాయింగు అడిగి, అందులో ఏ తరగతి అని రాశారో చూడండి. 'మోడరేట్' అని, 30 మిల్లీమీటర్లని ఉంటే ఆ ఫ్లాటు ఎంత చవకైనా వదిలేయండి.

సైట్లో నీళ్ళెక్కడివో కూడా అడగండి. తీరం పక్క బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. ఊచలు వేసే కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ టెస్టు రిపోర్టు చూపించలేని బిల్డరు ఆ నీళ్ళతోనే క్యూరింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా తడపడం) కూడా చేస్తుండొచ్చు. ఊచలు తెచ్చి నెలల తరబడి సముద్రపు గాలికి వదిలేస్తున్నారేమో, ఊచల కింద ఆ మందం కోసం పెట్టే కవరు బ్లాకులకు బదులు రాళ్ళ ముక్కలు పెడుతున్నారేమో మీరే చూడొచ్చు.

పాత ఫ్లాటు కొంటుంటే బాల్కనీ స్లాబు, సన్‌షేడు, పార్కింగు దూలాల అడుగుభాగం చూడండి. ఊచ పొడుగునా గోధుమరంగు చార ఉన్నా, నాణెంతో తడితే డొల్ల శబ్దం వచ్చినా లోపల తుప్పు మొదలైనట్టే.

ఇంట్లో సామాను సంగతి పెద్దవయసువాళ్ళకు మరీ ముఖ్యం. బాత్రూములో పట్టుకునే కడ్డీల స్క్రూలు మామూలు ఇనుమువైతే గోడలోనే తుప్పు పట్టి, పైకి మెరుస్తున్న కడ్డీ ఒకరోజు మనిషితో సహా ఊడి వస్తుంది. కడ్డీ, స్క్రూ, యాంకరు అన్నీ 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి. 304 గ్రేడుకు తీరంలో మచ్చలు పడతాయి. గోడ ఏఏసీ బ్లాకుదైతే (గుల్లగా ఉండే తేలిక ఇటుక) దానికి వేరే యాంకర్లు కావాలి, స్క్రూకు వేసే మామూలు రావల్‌ప్లగ్గు ఆగదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు పెట్టించొద్దు. నెలకోసారి మంచినీళ్ళతో కాయిల్ కడిగించండి, లేకపోతే ఉప్పు కాయిలును తినేసి గ్యాసు కారిపోతుంది. చెవి మిషను వాడేవాళ్ళు రాత్రిపూట దాన్ని సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి.

లిఫ్టు లోపల టేపు పెట్టి కొలవండి. ఆరుగురో ఎనిమిది మందో ఎక్కే లిఫ్టులో స్ట్రెచరు పడుకోబెట్టి తీసుకెళ్ళలేరు, దానికి లోతు రెండు మీటర్లన్నా ఉండాలి. గుమ్మాలు 900 మిల్లీమీటర్లు, చక్రాల కుర్చీ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల ఖాళీ, ర్యాంపు ప్రతి 12 అడుగులకు ఒక అడుగుకు మించి ఎత్తు పెరగకుండా ఉండాలి.

తుపాను గురించి బిల్డర్లు మాట్లాడరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదికే వచ్చింది. తుపాను నడిమధ్య ఉండే 'కన్ను' దాటేటప్పుడు గాలి ఆగి, తర్వాత ఇంకో దిక్కు నుంచి కొట్టింది. కాబట్టి కిటికీలు అన్ని వైపులా గట్టిగా ఉండాలి. స్లైడింగ్ కిటికీల పట్టీలోంచి వాన లోపలికి తన్నుకొస్తుంది. రబ్బరు గాస్కెట్ మీద బిగుసుకునే రెక్కల కిటికీలు, లామినేటెడ్ అద్దం మేలు. ఆ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఏడో అంతస్తులో కరెంటు పోతే నీళ్ళూ ఉండవు, లిఫ్టూ ఉండదు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఇంట్లోనే బందీ. జనరేటరు మీద లిఫ్టు, మోటారు రెండూ నడుస్తాయో లేదో, డీజిలు నిల్వ ఎంతో అడగండి. 62.5 కేవీఏ జనరేటరు ముప్పావు లోడు మీద గంటకు పది పన్నెండు లీటర్లు తాగుతుంది. వంద లీటర్ల ట్యాంకు పూటకే సరి. మీ ఇద్దరికీ రెండో మూడో అంతస్తు చాలు.

కాగితాల్లో ఇక్కడ ప్రత్యేకంగా చూడాల్సినవి చెప్తాను. స్థలం పోటు గీత (పోటు సమయంలో సముద్రం నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 500 మీటర్ల లోపుంటే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి నిబంధనల) అనుమతి కాపీ అడగండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు వెతకండి. డి-పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది), గెడ్డ పోరంబోకు (వాగుకు చెందిన ప్రభుత్వ భూమి) ఈ వైపు తరచు తగులుతాయి. గెడ్డను పూడ్చి కట్టిన చోట వాన కురిస్తే సెల్లారు నిండుతుంది. అడవివరం వైపు చూస్తే సింహాచలం దేవస్థానంతో ఉన్న పంచగ్రామాల భూవివాదం గుర్తుంచుకోండి. అన్నిటికంటే తరచు జరిగే పొరపాటు ఇంకొకటుంది. ప్లాను మంజూరుకు బిల్డరు కట్టే విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషనుకు తనఖా పెడతాడు, ఓసీ (నివాసయోగ్య ధ్రువపత్రం) వచ్చాకే విడుదలవుతుంది. మీకు చూపిస్తున్న ఫ్లాటు అందులోదేనేమో ఈసీలో (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే పత్రం) చూడండి. ఇళ్ళ కొనుగోలుదారుల రక్షణకున్న రెరా చట్టం ప్రకారం రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు, వారం గడువు పెట్టినా సరే. ఓసీ వచ్చిన ఫ్లాటైతే జీఎస్టీ ఉండదు. ధర 50 లక్షలు, ఆపైనైతే అమ్మేవాడికిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (పన్ను) కోసి మీరే ప్రభుత్వానికి కట్టాలి.

పెద్దవాళ్ళ కోసమే కట్టే సీనియర్ లివింగ్ ప్రాజెక్టులయితే భోజనం, నర్సు కంటే ముందు మూడు సంగతులు అగ్రిమెంటులో చదవండి: నెలవారీ ఖర్చు ఏటా ఎంత పెంచొచ్చు, మంచం పట్టిన మనిషిని ఉంచుకుంటారా పంపేస్తారా, ఇద్దరిలో ఒకరు పోయాక పిల్లలు అందులో ఉండొచ్చా, అమ్ముకోవాలా.

ఫ్లాటు మీ ఇద్దరి పేర్ల మీదే రిజిస్టరు చేయించి, పిల్లలకు వీలునామా రాయండి. ఎప్పుడైనా గిఫ్టు డీడు రాయాల్సి వస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల సంరక్షణకు చేసిన 2007 చట్టం సెక్షన్ 23 కింద ఆ డీడు రద్దు కోరాలంటే ఆ వాక్యమే ఆధారం.

ఈలోగా హైదరాబాదు ఇల్లు అమ్మకుండా, సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఎండాడలోనో ఎంవీపీలోనో అద్దెకుండి చూడండి. తుపానులు ఎక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే.